పెద్ద జబ్బులో చిన్న వస్తువుల బొమ్మలు

1889 జనవరి 7న ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణంలో ఆసుపత్రి నుంచి చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో డిశ్చార్జి అయ్యాడు. చెవి కోసుకుని అప్పటికి రెండు వారాలు. ఇంటికి రాగానే తమ్ముడు థియోకి ఉత్తరం రాస్తూ, రేపటి నుంచి మళ్లీ పని మొదలుపెడతాననీ, చెయ్యి అలవాటులో పడేందుకు ముందు ఒకటి రెండు స్టిల్ లైఫ్‌లు వేస్తాననీ చెప్పాడు. స్టిల్ లైఫ్ అంటే బల్ల మీద వస్తువులు పెట్టుకుని వేసే బొమ్మ. అన్నట్టుగానే వేశాడు. ఆ నెలలో వేసిన ఒక బొమ్మలో పళ్లెం నిండా ఉల్లిపాయలు, పక్కన పైపు, పొగాకు, కొవ్వొత్తి, థియో నుంచి వచ్చిన ఉత్తరం ఉన్నాయి. వాటి మధ్య ఒక పుస్తకం కూడా ఉంది. కర్పూరంతో తగ్గని జబ్బు లేదన్నంతగా నమ్మిన రాస్పాయ్ అనే ఆయన రాసిన ఇంటివైద్యం పుస్తకం అది. ఆ రోజుల్లో వాన్ గో నిద్ర పట్టక దిండులోనూ పరుపులోనూ కర్పూరం పెట్టుకుని పడుకునేవాడు.

ఆ బల్లను తీరిగ్గా చూస్తే, ఒక మనిషి తనకింకా ఏమేం మిగిలాయో సర్దుకుని చూసుకున్నట్టు ఉంటుంది. కాస్త తిండి, కాస్త పొగాకు, వెలుతురు, తనవాడి ఉత్తరం. జబ్బుకు సంబంధించిన పుస్తకాన్ని దాచలేదు. అలాగని బల్లంతా దానికే ఇచ్చెయ్యలేదు. ఉన్నవాటిలో అదీ ఒకటి, అంతే.

పెద్ద జబ్బు పడినవాళ్లు బొమ్మల వైపు మళ్లడం కొత్తేమీ కాదు. అయితే కొందరు కొండలూ నదులూ సూర్యోదయాలూ వదిలేసి తమ కప్పు, తమ కళ్లజోడు, తమ చెప్పులు, ఎప్పుడో ఎవరో ఇచ్చిన పెన్ను ఎందుకు వేసుకుంటారన్నది ఆలోచించాల్సిన సంగతి. దీనికి మామూలుగా వినిపించే జవాబులు రెండు. మనసు మళ్లుతుందనేది ఒకటి, లోపలి బాధ బయటికొస్తుందనేది రెండోది. రెండింటిలోనూ కొంత నిజముంది. కానీ మనసు మళ్లడానికైతే టీవీ చాలు. బాధ చెప్పుకోవడానికి కప్పు కంటే పనికొచ్చే బొమ్మలు బోలెడు. కాబట్టి కప్పు చేసే పని ఇంకేదో ఉండాలి.

జబ్బు పడ్డాక ఆ మనిషిని అందరూ చూడడం మొదలుపెడతారు. డాక్టరు చూస్తాడు, నర్సు చూస్తుంది, స్కానింగ్ మిషన్ ఒంట్లోకి తొంగి చూస్తుంది. పలకరించడానికొచ్చినవాళ్లు మొహంలోకి చూసి, తర్వాత చూపు తిప్పుకుంటారు. అద్దంలో తనని తాను చూసుకునేటప్పుడు కూడా ఒంట్లో ఏం మారిందో వెతుక్కోవడమే. రోజంతా పరీక్షించుకోవడానికి అప్పగించిన సామానులా ఒళ్లు పడి ఉంటుంది. బొమ్మ వేసే ఆ అరగంటలో ఈ వరస తిరగబడుతుంది. చూసేది తను, చూపించుకునేది కప్పు. పరీక్ష చేసే హక్కు, ఇది ముఖ్యం ఇది అనవసరం అని తేల్చే హక్కు కాసేపు రోగి చేతికొస్తాయి. ఏ గీత ఉంచాలో, ఏది వదిలెయ్యాలో చెప్పడానికి పక్కన ఎవరూ ఉండరు. ఈ పద్ధతిలో ఉన్న అసలు బలం ఇక్కడే ఉంది. బొమ్మ బాగా రావడం, రాకపోవడం ఆ తర్వాతి మాట.

కళ్లజోడునే తీసుకుందాం. మంచం పక్కన బల్ల మీద, కిటికీ వెలుతురు పడేలా పెట్టిన చదువుకునే కళ్లజోడు. మొదట చెయ్యి వేసేది ఆ కళ్లజోడును కాదు, తలలో ఎప్పటినుంచో ఉన్న కళ్లజోడు గుర్తును: రెండు సున్నాలు, మధ్యలో ఒక వంపు, అటూ ఇటూ రెండు గీతలు. తీరా పక్కన పెట్టి చూస్తే పోలిక కుదరదు. పడుకున్న చోటు నుంచి చూస్తే రెండు అద్దాలూ ఒకే సైజులో కనబడవు. దూరంగా ఉన్నది సన్నగా, దగ్గర ఉన్నది వెడల్పుగా ఉంటుంది. ఒక కాడ కొద్దిగా బయటికి వంగి ఉంది. ముక్కు మీద ఆనే చోట చిన్న ప్లాస్టిక్ బిళ్లలు వాడి వాడి పచ్చబడ్డాయి. ఇక నీడ సంగతి. కళ్లజోడు నీడ నల్లగా ఉంటుందనుకుంటాం. చదువుకునే అద్దాలు మధ్యలో ఉబ్బుగా ఉంటాయి కాబట్టి వెలుతురును పోగుచేస్తాయి. అందుకని నీడ నడుమ చుట్టుపక్కల బల్ల కంటే ఎక్కువగా మెరిసే మరక ఒకటి ఉంటుంది. ఇరవై ఏళ్లు పెట్టుకున్న మనిషి కూడా దాన్ని గమనించి ఉండకపోవచ్చు. అది కనిపించిన క్షణంలో ఆ మనిషి బుర్రలో రేపటి రిపోర్టు ఉండదు. ఉండడానికి చోటు లేదు.

దీన్ని గాల్లోంచి చెప్పడం లేదు. మనసు ఒకేసారి పట్టించుకోగలిగింది పరిమితం. నొప్పి తెలియడంలో కూడా ధ్యాస పాత్ర పెద్దదే. ధ్యాస వేరే చోట గట్టిగా పడితే అదే నొప్పి తక్కువగా తెలుస్తుందని నొప్పి మీద పరిశోధన చేసేవాళ్లు చాలాకాలంగా చెబుతున్నారు. జబ్బులో ఎక్కువగా తినేసేది ఒకే ఆలోచన గుండ్రంగా తిరగడం: ఎందుకొచ్చింది, తిరగబెడుతుందా, పిల్లల సంగతేమిటి. దాన్ని ఆలోచించొద్దు అంటే ఇంకా తిరుగుతుంది. కంటికీ చేతికీ కలిపి పని పెడితే మాత్రం కొంతసేపు దారి ఇస్తుంది. టీవీకీ దీనికీ తేడా అదే. టీవీ ముందు కూర్చుని కూడా టెన్షన్ పడొచ్చు. కప్పు అంచు వంపు ఎక్కడ తిరుగుతోందో కొలుస్తూ టెన్షన్ పడడం కష్టం.

వస్తువేదైనా చూపుకు పని దొరుకుతుంది కదా, మరి ఇష్టమైనదే ఎందుకు? ఇక్కడ ధ్యాసతో పాటు ఇంకో సంగతి కలుస్తుంది. 1982లో బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త మైకేల్ బ్యూరీ, కీళ్లవాతం వచ్చినవాళ్లతో మాట్లాడి, దీర్ఘకాలపు జబ్బు మనిషి జీవితకథను మధ్యలో తెంపేస్తుందని వివరించాడు. ఒంటి బాధ ఒక ఎత్తు, ఇన్నాళ్లూ నేను ఫలానా అనుకున్నది పనికిరాకుండా పోవడం ఇంకో ఎత్తు. నిన్నటిదాకా టీచరు, డ్రైవరు, అందరికీ వండిపెట్టే అమ్మ. ఇవాళ ఒక బెడ్ నంబరు. ఆ తెగిన చోటుకు అవతలి ఒడ్డు నుంచి వచ్చినవి ఈ వస్తువులే. జబ్బుకు ముందు ఆ పెన్నుతో రాసింది, ఆ కప్పులో తాగింది ఈ మనిషే. వస్తువుకి జబ్బు రాలేదు. మారకుండా అలాగే ఉంది.

చికాగో ప్రాంతంలో 1970ల్లో 82 కుటుంబాల్లోని 315 మందిని, ఇంట్లో మీకు ప్రాణమైన వస్తువులేవి, ఎందుకు అని అడిగి తెలుసుకున్న అధ్యయనం ఒకటుంది. ఖరీదు గురించి చెప్పినవాళ్లు తక్కువ. ఎవరిచ్చారు, ఎప్పటిది, ఎవరు గుర్తుకొస్తారు అన్నవే ఎక్కువ వినిపించాయి. అంటే పాత గడియారం బొమ్మ వేస్తున్న మనిషి గడియారంతో పాటు ఇంకొకరితోనూ కాసేపు గడుపుతున్నట్టే. మొహం వెయ్యాలంటే పోలిక రాలేదన్న బాధ. గడియారం వేస్తే ఆ పేచీ లేదు.

చిత్రకారుల చరిత్రలో దీనికి బాగా తెలిసిన ఉదాహరణ ఎడ్వార్ మానే. సిఫిలిస్ నరాలకు పాకి, కాలు నొప్పితో, సరిగ్గా నిలబడలేని స్థితిలో ఆయన చివరి మూడేళ్లు గడిచాయి. పెద్ద కాన్వాసు ముందు నిలబడడం కష్టమయ్యేకొద్దీ చిన్న బొమ్మలు పెరిగాయి. 1880లో పళ్లెంలో ఒకే ఒక్క నిమ్మకాయ వేశాడు. అదే ఏడు ఒక ఆస్పరాగస్ (కూరగా వండుకునే లేత కాడలు) కట్ట వేసి 800 ఫ్రాంకులు అడిగితే, కొన్న షార్ల్ ఎఫ్రుసీ 1000 పంపాడు. మానే ఇంకో చిన్న బొమ్మ వేసి పంపించాడు. అందులో ఒకటే ఆస్పరాగస్ కాడ. మీ కట్టలో ఇది తగ్గింది అని చీటీ. జబ్బు మనిషి చేసిన ఈ చిలిపి పని ఆ రెండు బొమ్మల కంటే ఎక్కువ మందికి గుర్తుంది. తర్వాత మిత్రులు తెచ్చిన పూలను గాజు కూజాల్లో పెట్టి వరసగా వేశాడు. 1883 ఏప్రిల్‌లో కాలు తీసేశారు. ఆ నెల 30న 51 ఏళ్ల వయసులో చనిపోయాడు.

ఆ పూలబొమ్మల్లో చాలామంది పూలనే చూస్తారు. గాజు లోపల నీళ్లలో కాడలు చూడాలి. నీటి గీత దగ్గర కాడ తెగి పక్కకి జరిగినట్టు కనబడుతుంది. కింద ఆకుపచ్చ, తెలుపు, బూడిదరంగు కలిసిపోయి, ఏది కాడో ఏది వెలుతురో తెలియని నాలుగైదు కుంచె దెబ్బలు ఉంటాయి. దగ్గరికి వెళితే రంగు మరకలు, రెండడుగులు వెనక్కి వస్తే తడిగా మెరిసే గాజు. నొప్పితో ఉన్న మనిషి అంత తేలిగ్గా కుంచె వేయగలగడం నిజంగా ఆశ్చర్యం. అవి వేసినంతసేపూ ఆయనకు నొప్పి తెలియలేదని మాత్రం ఎవరూ చెప్పలేరు. అలాంటి కథలు అల్లడం జబ్బుపడ్డవాళ్లకు మేలు చేయదు.

హెన్రీ మతీస్‌ది ఇంకో దారి. ఆయన అసలు చిత్రకారుడైందే జబ్బు వల్ల. లాయరు ఆఫీసులో గుమాస్తాగా ఉండగా, 20 ఏళ్ల వయసులో అపెండిసైటిస్ వచ్చి మంచాన పడితే, పొద్దు పోవడానికి వాళ్లమ్మ రంగుల పెట్టె తెచ్చిచ్చింది. 1890లో వేసిన తొలి బొమ్మల్లో ఒకటి పుస్తకాల దొంతర. న్యాయశాస్త్రం చదివినవాడి ఇంట్లో ఉండేది అదే మరి. యాభై ఏళ్ల తర్వాత, 1941లో, లియాన్‌లో పేగు క్యాన్సర్‌కు పెద్ద ఆపరేషన్ జరిగింది. బతికి బయటపడ్డాక వచ్చిన కాలాన్ని రెండో జీవితం అని చెప్పుకునేవాడు. మంచంలోనూ చక్రాల కుర్చీలోనూ కాగితాలు కత్తిరించి చేసిన పెద్ద బొమ్మల గురించి అందరూ చెబుతారు. దాని కంటే ఇక్కడ పనికొచ్చే సంగతి ఒక కుర్చీది. 1942లో ఆయన తన మిత్రుడొకరికి, ఏడాదిగా వెతుకుతున్న వస్తువు దొరికిందని సంబరంగా రాశాడు. అది పాత వెనిస్ తరహా కుర్చీ, గవ్వ ఆకారంలో, వెండిరంగు పూతతో ఉంటుంది. ఆపరేషన్ అయి ఏడాది దాటింది, వయసు డెబ్బై దాటింది, బయట యుద్ధం నడుస్తోంది. ఆ మనిషి ఒక కుర్చీ చూసి మనసు పారేసుకున్నాడు. దాన్ని తర్వాత పదే పదే బొమ్మల్లో పెట్టాడు. ఆయన దగ్గర పెళ్లి కానుకగా వచ్చిన వెండి చాక్లెట్ పాత్ర ఒకటి కూడా దశాబ్దాల పాటు ఇలాగే బొమ్మల్లోకి వస్తూ పోతూ ఉంది. మంచి నటుడు పది నాటకాల్లో వేసినట్టు ఒకే వస్తువు పది బొమ్మల్లో వేరువేరు వేషం కట్టగలదని ఆయన అనేవాడు.

వీళ్లంతా చెయ్యి తిరిగినవాళ్లు, మామూలు రోగి సంగతేమిటి అనే ప్రశ్న న్యాయమైనదే. ఈ ప్రశ్న మొదట గట్టిగా పట్టుకున్నది ఏడ్రియన్ హిల్. 1938లో క్షయతో ఇంగ్లండ్‌లోని మిడ్‌హర్స్ట్ శానటోరియంలో చేరిన ఈ చిత్రకారుడు మంచం చుట్టూ కనబడిన వస్తువులు గీసుకుంటూ కాలం గడిపాడు. అప్పట్లో క్షయకు మందు లేదు, నెలల తరబడి పడుకోవడమే వైద్యం. తనకు పనికొచ్చింది కదా అని మిగతా రోగులకూ నేర్పాడు. ఆర్ట్ థెరపీ అనే పేరు 1942లో ఆయన పెట్టిందే.

అప్పటినుంచి పరిశోధనలు చాలా వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2019లో విడుదల చేసిన నివేదిక, ఆరోగ్యంలో కళల పాత్ర మీద 3000కు పైగా అధ్యయనాలను ఒకచోట చేర్చింది. అమెరికాలో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం 2016లో 39 మందితో చేసిన చిన్న అధ్యయనంలో, 45 నిమిషాలు బొమ్మలతో గడిపాక దాదాపు నాలుగింట మూడొంతుల మందిలో కార్టిసాల్ తగ్గింది. ఒత్తిడిలో పెరిగే హార్మోన్ అది. అనుభవం ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ పెద్ద తేడా కనబడలేదు. అయితే ఆ 39 మందీ ఆరోగ్యవంతులని గుర్తుపెట్టుకోవాలి. దీన్ని చూపించి క్యాన్సర్‌కు బొమ్మలే మందు అనేవాళ్లు ఉంటారు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ వాళ్లు చేసిన పని మన విషయానికి ఇంకా దగ్గర. మ్యూజియం వస్తువులను ఆసుపత్రుల్లో రోగుల మంచం దగ్గరికి తీసుకెళ్లి చేతికిచ్చి, వాటి గురించి మాట్లాడించారు. తర్వాత రోగులు తమ మానసిక స్థితికి వేసుకున్న మార్కులు మెరుగయ్యాయి. తమవి కాని వస్తువులే అంత పని చేస్తే, సొంతవి ఇంకొంచెం చేస్తాయనుకోవడం అతిశయోక్తి కాదు.

ఇందులో జబ్బు తగ్గడం లేదు. ఈ మాట స్పష్టంగా చెప్పాలి. ఉల్లిపాయల బొమ్మ వేసిన వాన్ గోకి ఆ ఫిబ్రవరిలోనే జబ్బు తిరగబెట్టింది, మే నెలలో సాన్ రెమీలోని మానసిక రోగుల ఆసుపత్రిలో చేరాడు. బొమ్మ వేస్తే కణితి కరగదు, డయాలసిస్ తప్పదు. తగ్గేది జబ్బు చుట్టూ పేరుకునే బెంగ, ఖాళీ గంటల బరువు. పాజిటివ్‌గా ఉండు, బొమ్మలు వెయ్యి, తగ్గిపోతుంది అని చెప్పడం రోగి మీద ఇంకో బాధ్యత పెట్టడమే. రేపు తగ్గకపోతే, సరిగ్గా వెయ్యలేదేమో అని తనని తాను తిట్టుకునే మనుషులుంటారు. బతకాలని లేదు అనే మాటలు వినబడుతుంటే రంగుల పెట్టె చాలదు. డాక్టరుకు చెప్పి మానసిక వైద్యుడినో శిక్షణ పొందిన ఆర్ట్ థెరపిస్టునో పిలిపించాలి.

ఇక ఆచరణలో వచ్చే చిక్కులు. కీమోథెరపీలో ఉన్నవాళ్లకి వాసనలు పడవు. ఆయిల్ పెయింటూ టర్పెంటైనూ ఇంట్లోకి తేకపోవడం మేలు. ఊపిరితిత్తుల జబ్బుంటే సుద్దలా రాలే పాస్టెల్స్ పొడి మంచిది కాదు. కొన్ని రకాల కీమో మందులతో వేళ్ల చివర్లు మొద్దుబారతాయి. సన్నని పెన్సిల్ పట్టు దొరక్కపోతే దానికి గుడ్డో స్పాంజో చుట్టి లావు చేసుకోవచ్చు. రోగనిరోధక శక్తి తగ్గిన రోజుల్లో కుంచె కడిగిన నీళ్లు రాత్రంతా నిలవుంచకూడదు, కుంచె మొన నోట్లో పెట్టి తడిపే అలవాటు అసలే వద్దు. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు పెన్సిల్ చెక్కడానికి బ్లేడు ముట్టుకోకూడదు. మంచం మీద అయితే కలర్ పెన్సిళ్లు, అరచేతి వెడల్పు కాగితం, ఆనుకోవడానికి ఒక అట్ట సరిపోతాయి. కాగితం చిన్నదైతే ఓపిక అయిపోయేలోపే బొమ్మ అయిపోతుంది. సగంలో ఆగిన పెద్ద బొమ్మ మంచం పక్కనే నిలబడి రోజూ ఎత్తిపొడుస్తుంది.

ఏ వస్తువు వెయ్యాలన్నది ఇంటివాళ్లు తేల్చే విషయం కాదు. వాళ్లు ప్రేమతోనే పూలకుండీ తెచ్చి పెడతారు. రోగికి మాత్రం మాత్రల డబ్బా వెయ్యాలనిపించవచ్చు, వెయ్యనివ్వాలి. రోజూ తనని ఆడిస్తున్న ఆ డబ్బాను గడి గడిగా గీసి, మూతల మీద అక్షరాలు రాసి, రంగు నింపేసరికి దాని పెత్తనం కొంచెం తగ్గుతుంది. దీనికి ఎదురు సంగతి కూడా ఉంది. కాలు పోగొట్టుకున్న మనిషి ముందు ఆయన పరుగుకు వేసుకునే బూట్లు పెట్టి, ఇష్టమైనవే కదా వెయ్యమంటే, ఆ పూట గడవడం కష్టమవుతుంది. కొన్నాళ్ల తర్వాత ఆయనే అడిగి తెప్పించుకోవచ్చు. అప్పటిదాకా అవి అలమరాలో ఉండడమే మంచిది.

చూడ్డానికి వచ్చినవాళ్ల మెప్పుదల ఇంకో తలనొప్పి. అబ్బ ఎంత బాగా వేశారో అనగానే బొమ్మ పరీక్ష పేపరైపోతుంది. మర్నాటి నుంచి చెయ్యి వణికితే దాచుకోవాలనిపిస్తుంది. ఇది ఏ గడియారం, ఎవరిచ్చారు అని అడిగితే మాట కదులుతుంది.

ఒకే వస్తువును మళ్లీ మళ్లీ వెయ్యడం విసుగనిపించేదే. కానీ దానిలో ఒక ఉపయోగం ఉంది. కప్పు మారదు కాబట్టి, ఈ వారం బొమ్మకీ పోయిన నెల బొమ్మకీ మధ్య తేడా అంతా చేతిది, కంటిది, ఆ రోజుది. మందు ఎక్కించిన మర్నాడు గీత వదులుగా ఉంటుంది, పది రోజులకు బిగుస్తుంది. వెనక తేదీ రాసి పెట్టుకుంటే జబ్బు తన ఒంట్లో ఎలా నడుస్తోందో రిపోర్టుల భాషలో కాకుండా తన చేతిరాతలో కనబడుతుంది. గీత ఎప్పుడూ బిగుస్తూనే పోదు. మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో చివరి ఏళ్లలో వేసినవి ఎక్కువగా పళ్ల స్టిల్ లైఫ్‌లే. వెన్నెముక ఆపరేషన్లతో 1950లో నెలల తరబడి ఆసుపత్రిలో ఉంది, 1953లో కాలు తీసేశారు, మరుసటి జూలైలో చనిపోయింది. ముందటి బొమ్మల్లో వెంట్రుక వాసి పనితనం చూపించిన చెయ్యి ఈ చివరి పళ్లలో మొరటుగా, రంగు దట్టంగా పులిమినట్టు తయారైంది. నొప్పి మందుల ప్రభావం దాచినా దాగదు. ఆమె దాచలేదు కూడా. వాటిని ఆమె గొప్ప బొమ్మల్లో లెక్కవెయ్యని విమర్శకులున్నారు. కళ దృష్టితో వాళ్ల మాట సరైనదే కావచ్చు. కానీ మంచంలో ఉన్న మనిషికి అవి ఎందుకు అవసరమయ్యాయన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు కళా విమర్శలో దొరకదు.

వైద్యం ముగిసి కోలుకున్నాక మతీస్‌లా జీవితమే మార్చుకునేవాళ్లు అరుదు. కొందరు ఆదివారాల్లో వేస్తారు. కొందరు రంగుల పెట్టె కట్టేసి పనిలో పడిపోతారు, ఎందుకు మానేశావని ఇంట్లోవాళ్లు నొచ్చుకుంటారు. జబ్బు రోజుల బొమ్మలను ఫ్రేము కట్టించి హాల్లో పెట్టే ముందు వేసినవాళ్లను ఒక మాట అడగడం మంచిది. రోజూ భోజనం దగ్గర ఆ కప్పు బొమ్మ కనబడడం కొందరికి ధైర్యం, కొందరికి మళ్లీ వార్డు వాసన.